తోడికోడలి డబ్బా

ఆ ఇంటి పెద్దకోడలికి ఒకప్పుడు జడ ఉండేది. జడ అంటే అందరికీ ఉండేలాంటిది కాదు. కుర్చీలో కూర్చుంటే వెనకనుంచి జారి నేలను తాకేది. ఆమె పనిచేసే కుట్టు కార్ఖానాలో మిషన్ల మధ్య నడిచేటప్పుడు దాన్ని నడుముకు చుట్టి దోపుకోవాల్సి వచ్చేది. ఏ చక్రంలోనైనా పడి పని ఆగిపోతుందేమోనని మేస్త్రీ భయం. అక్కడ అందరూ ఆమెను జడక్క అనేవాళ్ళు. పిలుపు ఇప్పటికీ అదే. జడే లేదు. ఉన్నది చిటికెన వేలంత తోక, దాని పైన దారి వేసినట్టు తెల్లగా కనిపించే పాపిడి. కొత్తగా పనిలో చేరిన అమ్మాయిలు ఆ పేరు ఎందుకొచ్చిందని అమాయకంగా అడిగినప్పుడల్లా ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

అయినా సర్దుకుంది. తనకు లేనిది పక్కవాళ్ళకూ లేకపోతే సర్దుకోవడం ఎవరికీ పెద్ద కష్టం కాదు. అత్తగారి ముడి నిమ్మకాయంత. పక్క వాటాలో ఉండే టీచరమ్మ తలకు గుడ్డ కట్టుకోకుండా గడప దాటదు. అలాంటి లోకంలో పెద్దకోడలు తన చిటికెన వేలంత తోకతోనే తలెత్తుకుని తిరిగింది. మరిది పెళ్ళి చేసుకుని చిన్నకోడల్ని తీసుకొచ్చేదాకా తిరిగింది.

చిన్నకోడలు కాపురానికొచ్చిన మొదటి ఆదివారం తలంటుకుని పెరటి మెట్ల మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంది. పై మెట్టు మీద మనిషి కూర్చుంటే జుట్టు మూడో మెట్టు దాకా పరుచుకుంది. అత్తగారు లోపలికెళ్ళి కళ్ళజోడు పెట్టుకొచ్చి మరీ చూసింది. చూసి ఊరుకోలేదు. "మన ఇంట్లో మళ్ళీ జడ కళ్ళబడింది" అంది. వంటింటి కిటికీలోంచి ఆ మాట పెద్దకోడలి చెవిన పడింది. అందులో 'మళ్ళీ' అన్నది ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. తన జడను అత్తగారు ఏనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు. అది పోయాక, మరొకరికి వచ్చాక, ఇప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు.

అంతటితో పోయినా బాగుండేది. పెద్దకోడలికి ఒక్కతే కూతురు, చిట్టి. పన్నెండేళ్ళది. ఊహ తెలిసినప్పటినుంచీ పొద్దున్నే దాని తల అమ్మ ఒళ్ళోనే. ఎంత తొందర పనున్నా, పొయ్యి మీద ఏం పొంగుతున్నా, పీట వాల్చి కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని రెండు జడలు వేసేది. ఇద్దరికీ కబుర్లకు దొరికే సమయం అదే. బడిలో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, లెక్కల టీచరు ఎవరి చెవి మెలేసిందో అన్నీ అప్పుడే బయటికొచ్చేవి. చిన్నకోడలు వచ్చి నెల తిరక్కుండానే ఒక పొద్దున చిట్టి దువ్వెన పట్టుకుని, వాల్చిన పీట పక్కనుంచే నడిచి పిన్ని గదిలోకి వెళ్ళిపోయింది. పిన్నికి నాలుగు పాయల జడ వచ్చట. పిన్ని దువ్వితే నొప్పే పుట్టదట. తలుపు అవతల ఇద్దరూ కిలకిలా నవ్వుతుంటే పెద్దకోడలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది, గిన్నె అడుగంటింది.

జడ పోతే పోయింది, ఒళ్ళోంచి కూతురి తల పోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు. అది తిరిగి రావాలి. రావాలంటే చిన్నకోడలి నెత్తిన ఉన్న ఆ వైభవం పోవాలి. పోతే నాలుగు పాయలూ ఉండవు, కిలకిలలూ ఉండవు. ఈ లెక్కలో ఎక్కడో తప్పుందని చెప్పేవాళ్ళు లేకపోయారు, ఎందుకంటే ఆమె ఎవరికీ చెప్పలేదు.

ముందు సొంత జుట్టు సంగతి చూసుకుందామనుకుంది. నూనెలన్నీ అయిపోయాయి, గూడు నిండా ఖాళీ సీసాలే మిగిలాయి. ఆఖరికి కార్ఖానాలో ఎవరో చెబితే ఆస్పత్రికి వెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ తల చూడకముందే కింది రెప్ప లాగి చూసింది, నాలుక చూసింది, గోళ్ళు తిప్పి చూసింది. రక్తం తీయించి, పరీక్షల కాగితం చేతికొచ్చాక ఇంట్లో ఏం తింటారని అడిగింది. అందరూ తిన్నాక మిగిలింది తింటానని పెద్దకోడలు కాస్త గొప్పగానే చెప్పుకుంది. డాక్టరమ్మ మెచ్చుకోలేదు. ఒంట్లో ఇనుము నిల్వ అట్టడుగుకు పోయిందని, డి విటమిన్ చాలడం లేదని, బి పన్నెండు కూడా అంతంత మాత్రమేనని వరసపెట్టి చెప్పింది. జుట్టు తయారయ్యేదే మాంసకృత్తులతో, అవి కడుపులోకి వెళ్ళకుండా పైన ఎన్ని నూనెలు రాసినా మెరుపే తప్ప మొలక ఉండదంది.

"తిండి తక్కువైతే ఒళ్ళు ముందు గుండెకీ మెదడుకీ పెట్టుకుంటుందమ్మా. జుట్టుది ఆఖరి పంక్తి. మీలాగే" అంది డాక్టరమ్మ.

ఇంకో మాట కూడా చెప్పింది. ఇవాళ తిండి మానేస్తే ఇవాళే జుట్టు రాలదట. కుదుళ్ళు ముందు నిద్రలోకి జారుకుని, రెండు మూడు నెలల తర్వాత రాలడం మొదలవుతుందట. తిరిగి రావడానికి అంతకంటే ఎక్కువ ఓపిక పట్టాలట. గుడ్డు, చేప, పప్పులు, ఆకుకూర తినాలి. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. మాత్రలు చెప్పినన్నే వేసుకోవాలి, ఆశకొద్దీ ఎక్కువ మింగితే కొన్ని విటమిన్లు ఉన్న జుట్టును కూడా ఊడగొడతాయి. పెద్దకోడలు అన్నింటికీ బుద్ధిగా తలూపింది.

మరొకరైతే ఇంటికొచ్చి తిండి తినడం మొదలుపెట్టేవాళ్ళు. ఈమె కూడా పెట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ బస్సులో తిరిగి వస్తుండగా ఇంకో ఆలోచన వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. తింటే జుట్టు వస్తుంది, సరే. తినకపోతే పోతుంది, అదీ సరే. మరి చిన్నకోడలికి పెట్టేది ఎవరు?

వంటిల్లు ఆమెదే. రాత్రి భోజనానికి అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు, అత్తగారి కళ్ళు అందరి కంచాల మీదా తిరుగుతుంటాయి, అక్కడ ఏం చెయ్యడానికీ వీల్లేదు. పొద్దున ఎవరికి దొరికింది వాళ్ళు నోట్లో వేసుకుని పరిగెత్తుతారు. ఇక మిగిలింది మధ్యాహ్నం. చిన్నకోడలు చిట్టి బడి పక్కనే ఉన్న కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఇద్దరూ కలిసే బయల్దేరతారు. ఇద్దరి డబ్బాలూ ఒకే సంచిలో వెళతాయి. నీలం మూతది చిట్టిది, ఎర్రమూతది చిన్నకోడలిది. రెండూ సర్దేది పెద్దకోడలే.

మొదటి రోజు ఆమె ఎర్రమూత రెండుసార్లు పెట్టి తీసింది. నీలం మూత డబ్బాలో అన్నం, పప్పు, నిమ్మరసం పిండిన ఆకుకూర, ఒక గుడ్డు కూర. ఎర్రమూత డబ్బాలో అన్నం, పక్కన ఉప్పు చల్లిన బంగాళాదుంప ముక్కలు. కడుపు నిండుతుంది, ఒంటికి మాత్రం పట్టదు. ఎవరైనా అడిగితే కూర చాల్లేదంటే సరి. విషమేమీ పెట్టలేదు కదా అని తనకు తనే చెప్పుకుంది. ఇలాంటి సర్దుబాట్లు మనిషికి ఒకరు నేర్పక్కర్లేదు. రెండో రోజు మూత ఒక్కసారే పెట్టింది.

ఆ వారం చివర ఒక సాయంత్రం చిన్నకోడలు చెప్పులు విప్పుతూనే వంటింట్లోకి తొంగిచూసింది.

"అక్కా, ఇవాళ గుడ్డు కూర భలే కుదిరింది. ఆకుకూర కూడా."

పెద్దకోడలు తిప్పుతున్న గరిటె ఆపేసింది. తను పెట్టింది బంగాళాదుంప. అంటే దీనికి తెలిసిపోయింది. తెలిసి, అత్తగారి దగ్గర పంచాయితీ పెట్టకుండా, నవ్వుతూ దెప్పిపొడుస్తోంది. అమ్మో, మెత్తగా కనిపిస్తుంది గానీ లోపల ఎంత ఉందో అనుకుంది. పొయ్యి వైపు తిరిగి ఏదో గొణిగింది. చిన్నకోడలు మాత్రం ఆ తర్వాత కూడా ఊరుకోలేదు. ఓ రోజు పప్పు బాగుందనేది, ఓ రోజు చేప ముక్క మెత్తగా ఉడికిందనేది, నువ్వు ఇంత ఓపిగ్గా ఎలా పెడతావక్కా అనేది. అన్నప్పుడల్లా పెద్దకోడలికి చెంప మీద కొట్టినట్టుండేది. ఇంత తెలిసీ ఎవరికీ చెప్పడం లేదంటే ఎప్పుడో ఒకనాడు అందరి ముందూ బయటపెట్టడానికి దాచుకుంటోందని ఆమెకు గట్టి నమ్మకం. భయపడింది. భయంతో మానేసిందా అంటే లేదు, పంతంతో బంగాళాదుంప ముక్కలు కూడా తగ్గించింది.

నిజం చెప్పాలంటే ఈర్ష్య అనే జబ్బుకు ఇదే లక్షణం. ఎదుటివాళ్ళు మంచిమాట అన్నా అందులో సూది వెతుకుతుంది. దొరక్కపోతే బాగా దాచారనుకుంటుంది.

రోజులు గడిచాయి, చిన్నకోడలి జడ మాత్రం ఎక్కడా తగ్గలేదు. పైగా మెరుగెక్కింది. పెద్దకోడలికి తన పాపిడి పక్కన నూగులాంటి కొత్త వెంట్రుకలు కనిపించాయి, ఆమెకు అవి కూడా ఆనందం ఇవ్వలేదు. రాత్రి భోజనాల దగ్గర చిన్నకోడలు జడ ముందుకు వేసుకుని కూర్చుంటే ముద్ద గొంతు దిగేది కాదు. దీనికి గాలి తిన్నా జుట్టుకే పడుతుందేమోనని లోలోపల కుళ్ళిపోయేది. అయినా డాక్టరమ్మ చెప్పింది కదా, రెండు మూడు నెలలు పడుతుందని. పళ్ళబిగువున ఓపిక పట్టింది.

ఆ ఓపిక ఫలించింది. ఒక పొద్దున ఇద్దరూ వెళ్ళిపోయాక చిన్నకోడలి గది ఊడుస్తుంటే మూలనున్న చెత్తబుట్టలో జుట్టు ఉండ కనిపించింది. పెద్దకోడలు చీపురు పడేసి వంగి చూసింది. మర్నాడు ఇంకో ఉండ. వారం తిరిగేసరికి కోడిగుడ్డంత ఉండలు పడుతున్నాయి. దువ్వెన పళ్ళ మధ్య కూడా చిక్కులే. ఆమెకు పట్టరాని సంతోషం వేసింది. ఆ పూట కార్ఖానాలో మిషన్ ముందు కూర్చుని కూనిరాగం తీసింది, పక్క మిషన్ ఆమె ఆశ్చర్యంగా చూసింది. జడ పైకి ఇంకా లావుగానే ఉందంటే పాత సరుకు అన్నమాట, కాస్త ఆగితే అదీ దిగుతుంది. అంతవరకూ ఏ పనీ సరదాగా చెయ్యని మనిషి ఆ గది ఊడవడానికి మాత్రం రోజూ ముందుగా పరిగెత్తేది.

అలాంటి రోజుల్లోనే చిన్నకోడలు ఒకసారి ఆమెను పక్కకు పిలిచింది. చిట్టికి జుట్టు బాగా ఊడుతోందని, దువ్వాలంటేనే భయమేస్తోందని, దుకాణం మెట్లెక్కితే ఆయాసపడుతోందని, ఒకసారి డాక్టరుకు చూపిద్దామని మెల్లగా చెప్పింది.

పెద్దకోడలికి నవ్వొచ్చింది. ఎంత తెలివి! తన జుట్టు ఊడుతోందని ఒప్పుకోవడానికి నామోషీ వేసి, తన బుట్టలోని ఉండల్ని పసిపిల్ల మీదకు తోస్తోంది. తల్లికి లేదు కాబట్టి కూతురికీ లేదని ఎత్తిపొడుపు కూడా అందులోనే కలిపింది.

"నా కూతురికేం తక్కువ? గుడ్డు లేకుండా ఒక్కపూట పంపను. ముందు నీ సంగతి చూసుకో" అంది.

చిన్నకోడలు మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆ మాట తగలాల్సిన చోట తగిలిందని పెద్దకోడలు పొంగిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల పొద్దున్నే పక్కమీదనుంచి లేవడానికి బద్ధకిస్తోందని, మెట్ల దగ్గర గోడ పట్టుకుంటోందని ఆమెకూ కనిపించింది. ఎదిగే వయసు, నెలసరి కూడా మొదలైంది, ఇదంతా మామూలే అనుకుంది. ఆమె చూపంతా చెత్తబుట్ట మీదే ఉంది.

తర్వాత కొన్నాళ్ళకు దుకాణంలో కొత్త మిషన్ పెట్టారు. దాన్ని నడపడం నేర్చుకోవడానికి యజమాని చిన్నకోడల్ని వారం రోజులు వేరే ఊరు పంపించాడు. ఆమె పెట్టె పట్టుకుని బస్సెక్కిన మర్నాటి పొద్దున చిట్టి దువ్వెన పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"జడ వేస్తావా అమ్మా?"

పెద్దకోడలు పొయ్యి కట్టేసింది. పీట వాల్చింది. ఇన్నాళ్ళ ఎదురుచూపు ఆ గుమ్మంలో నిలబడి అడుగుతుంటే ఆమెకు కాళ్ళు నేలమీద ఆనలేదు. నొప్పి పుట్టకుండా ఎలా దువ్వాలో తనకూ తెలుసని చూపించాలనుకుంది. కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని రబ్బరు బ్యాండ్లు తీసి పాయలు విప్పింది.

విప్పాక చేతిలో ఏమీ లేదు. ఒకప్పుడు పిడికిట్లో పట్టని జుట్టు రెండు వేళ్ళ మధ్య ఇమిడింది. పిన్ని తెలివిగా వదులు వదులుగా అల్లి, ఉన్నదాన్ని ఉబ్బించి చూపించింది గానీ లోపల మాడు కనిపిస్తోంది. పెద్దకోడలు దువ్వెన ఆనించి ఒక్కసారి కిందికి లాగింది. పళ్ళ నిండా జుట్టు వచ్చింది. ఇంకోసారి లాగింది. దాన్ని తీసి ఉండ చుట్టింది. చుడుతుండగానే ఆ ఉండ ఎక్కడ చూసిందో గుర్తొచ్చింది. పొట్టి వెంట్రుకలు, చివర్లు కాస్త ఎర్రబడ్డవి. రోజూ వంగి చూసి మురిసిపోయిన ఉండ. చిన్నకోడలి జుట్టు బారెడు, ఇది జానెడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఒక వెంట్రుక పట్టుకుని సాగదీసి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు. చూసే తీరిక ఎక్కడిది, సంతోషించడానికే సరిపోయింది.

"ఏమైందమ్మా?" అంది చిట్టి వెనక్కి తిరగకుండానే.

ఆమె కూతురి మొహం తన వైపు తిప్పుకుని కింది రెప్ప లాగింది. తెల్లగా ఉంది. పెదవుల మూలలు పగిలి ఉన్నాయి. ఆ రోజు కార్ఖానాకు వెళ్ళలేదు, పిల్లను బడికి పంపలేదు.

అదే ఆస్పత్రి, అదే డాక్టరమ్మ. రక్తం తీసుకున్నారు, సాయంత్రందాకా బల్లమీద కూర్చోబెట్టారు. కాగితం చూసి డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది. ఇనుము నిల్వ బాగా పడిపోయిందని, ఈ వయసులో పిల్లలకు అసలే ఎక్కువ కావాలని, మధ్యాహ్నం ఏం తింటుందని అడిగింది. పెద్దకోడలు గబగబా అప్పజెప్పింది. గుడ్డు, పప్పు, ఆకుకూర, వారంలో రెండుసార్లు చేప, నిమ్మకాయ కూడా పిండుతాను, అంతా నా చేత్తోనే సర్దుతాను అంది. డాక్టరమ్మ కాగితం వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూసి, కూతుర్ని అడిగింది.

చిట్టి నేల చూపులు చూసింది. "నాకిష్టం లేదండీ. పారేస్తున్నాను" అంది.

డాక్టరమ్మ కోప్పడింది, బుజ్జగించింది, మాత్రలు రాసింది. కొత్త జుట్టు వస్తుందని, నెలలు పడుతుందని, తిండి మాత్రం ఇంట్లో కాపలా కాయమని తల్లికి చెప్పింది. తల్లి వినలేదు. ఆమె ఒక్క విషయమే ఆలోచిస్తోంది. గుడ్డంటే ప్రాణం పెట్టే పిల్ల, పక్కవాళ్ళ కంచంలోంచి కూడా లాక్కుని తినే పిల్ల, గుడ్డు పారేస్తుందా?

బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగింది. రెట్టించి అడిగితే చిట్టి చెప్పింది. సంచి మోసేది తనే కదా, ఒక రోజు ఎర్రమూత డబ్బా చేతికి తేలిగ్గా అనిపించి తెరిచి చూసిందట. పిన్ని షట్టరెత్తి అద్దాలు తుడుస్తుంటే తను లోపలి గదిలో కూర్చుంటుంది, బడి గంట కొట్టేదాకా. అక్కడే రెండు డబ్బాలూ తెరిచి తన కూరలు పిన్ని డబ్బాలోకి, పిన్ని బంగాళాదుంపలు తన డబ్బాలోకి మార్చిందట. ఆ రోజునుంచీ రోజూ.

"సగం సగం చేసుకున్నా సరిపోయేది కదే!"

"ఒక్క గుడ్డే కదా పెడతావు. సగం గుడ్డు ఉంటే మిగతా సగం ఏదని పిన్ని అడుగుతుంది."

పెద్దకోడలు చుట్టూ చూసింది. ఎవరో ఒకాయన గొడుగు మడుస్తున్నాడు. వినేంత దగ్గరలో ఎవరూ లేరు.

"నేను మర్చిపోయానని నాతో చెప్పొచ్చుగా?"

"మొదట్లో మర్చిపోయావనే అనుకున్నాను" అంది చిట్టి. "రోజూ ఎవరూ మర్చిపోరు కదమ్మా."

ఆమెకు తల తీసేసినట్టయింది.

"నిన్ను అడిగితే నువ్వు అబద్ధమైనా చెబుతావు, నిజమైనా చెబుతావు. నాకు రెండూ వినాలనిపించలేదు. పిన్నికి చెబితే అందరూ కలిసి నిన్ను తిడతారు. అందుకని" అని, అక్కడితో ఆపేసి బస్సు వస్తోందని చెప్పింది.

ఆ వారం చిట్టికి ముద్దలు కలిపి పెట్టింది, గుడ్డు ఎదురుగా కూర్చుని తినిపించింది. పిల్ల తిన్నది. పీట వాల్చి రమ్మంటే వచ్చి కూర్చుంది. జడ వేయించుకుంది. ఒక్క కబురూ చెప్పలేదు.

చిన్నకోడలు తిరిగొచ్చిన రోజు రాత్రి అందరూ బల్ల దగ్గర ఉన్నారు. మాత్రల సీసా చూసి అదేమిటని ఆమె అడిగింది. పెద్దకోడలు నోరు తెరవబోయింది. అంతలో చిట్టి గబగబా అందుకుని, తను డబ్బాలో కూర తినకుండా పారేసేదాన్నని, అందుకే ఇలా అయిందని చెప్పేసింది. అత్తగారు వెంటనే మొదలుపెట్టింది. ఒళ్ళు బలిసిందనీ, అమ్మ పొద్దున్నే లేచి చేసి పెడుతుంటే పారబొయ్యడానికి చేతులెలా వచ్చాయనీ అందరి ముందూ కడిగేస్తుంటే చిట్టి తల వంచుకుని అన్నం కలుపుతూ కూర్చుంది. మధ్యలో ఒక్కసారి తల్లి వైపు చూసింది. చెప్పొద్దని ఆ చూపు.

చెప్పకపోతే గడిచిపోయేది. ఆ సంగతి పెద్దకోడలికి తెలుసు. తిట్లు రేపటికి అయిపోతాయి, జుట్టు కొన్నాళ్ళకు వచ్చేస్తుంది, తన మర్యాద తనకు మిగులుతుంది. ఒక్క క్షణం ఆశ కూడా పడింది.

"అది పారెయ్యలేదు" అంది. చిన్నకోడలి వైపు తిరిగింది. "నీ డబ్బాలో నేను కూర పెట్టలేదు. నీ జుట్టు ఊడిపోవాలని పెట్టలేదు. అది చూసి తన కూర నీకు పెట్టింది."

చిన్నకోడలు అర్థం కానట్టు చూసింది.

"రోజూ వచ్చి గుడ్డు బాగుందని చెప్పేదాన్ని కదక్కా నీకు."

"దెప్పుతున్నావనుకున్నాను."

చిన్నకోడలు చిట్టి వైపు తిరిగింది. పలచబడ్డ పాపిడి వైపు చూసింది. "అంటే ఇన్నాళ్ళూ చిట్టి తిండి నేను తిన్నానా?" అంది. తిట్టడానికి, నిలదియ్యడానికి బోలెడంత ఉంది, ఆమె మాత్రం ఆ ఒక్క మాటకే చేతిలో ముద్ద కంచంలో వదిలేసి వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దకోడలు ఆ ఏడుపు వంక చూస్తూ కూర్చుంది. ఇప్పుడు కూడా ఆమెకు ఈర్ష్యే కలిగింది. తన పిల్ల కోసం అంత సూటిగా, ఏ అడ్డూ లేకుండా ఏడవడం ఆ మనిషికి చేతనవుతోంది. తనకు కన్నీళ్ళు రావడానికి కూడా సిగ్గు అడ్డమొస్తోంది.

మర్నాడు పొద్దున పెద్దకోడలు పీట వాల్చింది. అవతల చిన్నకోడలు ఉబ్బిన కళ్ళతో తన గది గుమ్మంలో నిలబడింది. చిట్టి ఇద్దరి మధ్యనుంచీ నడిచి హాల్లో అద్దం ముందుకు వెళ్ళింది. చేతులు వెనక్కి పెట్టి తనే జడ అల్లుకోవడం మొదలుపెట్టింది. పాపిడి వంకర పోయింది. ఒక పాయ జారిపోతే పళ్ళతో రబ్బరు బ్యాండు పట్టుకుని మళ్ళీ అల్లింది. వెళ్ళి సరిచెయ్యాలని పెద్దకోడలి చేతులు గుంజాయి. చిన్నకోడలు కూడా ఒక అడుగు వేసి ఆగిపోయింది.

జడ అయ్యాక చిట్టి వంటింట్లోకి వచ్చింది. పెద్దకోడలు రెండు డబ్బాలూ అందించింది. చిట్టి వాటిని సంచిలో పెట్టలేదు. గట్టు మీద పక్కపక్కన పెట్టి, రెండు మూతలూ తీసి, రెండింట్లోకీ చూసింది. మళ్ళీ మూతలు గట్టిగా నొక్కి సంచిలో సర్దుకుంది.

"వెళ్ళొస్తానమ్మా" అంది మామూలుగానే.

మర్నాడు కూడా మూతలు తీసి చూసింది.